కంచని తెలుగులో ఏమంటారు?

మా ఆఫీసుకి దారి చెప్పాలంటే ముందు "బయోడైవర్సిటీ" అనాలి. క్యాబ్ డ్రైవర్, టిఫిన్ బాక్సు తెచ్చే కుర్రాడు, ఎఫ్.ఎం. రేడియోలో ట్రాఫిక్ కబుర్లు చెప్పే అమ్మాయి, అందరూ ఆ మాట అంటారు. "బయోడైవర్సిటీ కాడ జామ్ అయింది మేడమ్, పది నిమిషాలు పడ్తది." జీవవైవిధ్యం అనే శాస్త్ర పదం ప్రపంచంలో ఇంకే ఊళ్ళోనూ ఇంతమంది నోట్లో ఇన్నిసార్లు పడదేమో అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం దాని అర్థం ఒక సిగ్నల్, ఒక ఫ్లైఓవర్, హారన్ల మోత.

ఆ పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. 2012 అక్టోబరులో మాదాపూర్ హెచ్.ఐ.సి.సి.లో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందపు పదకొండో మహాసభ జరిగింది. దేశదేశాల శాస్త్రవేత్తలు, అధికారులు, మంత్రులు వచ్చారు. మన్మోహన్ సింగ్ వచ్చి 'హైదరాబాద్ ప్రతిజ్ఞ' పేరుతో 5 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆ సందర్భంగానే గచ్చిబౌలిలో ఒక బయోడైవర్సిటీ పార్కు పెట్టారు. పార్కు పేరు కూడలికి, కూడలి పేరు 2019లో వచ్చిన ఫ్లైఓవర్‌కి అంటుకున్నాయి. మాట నిలబడింది కానీ అర్థం మాత్రం వచ్చినవాళ్ళతో పాటే విమానం ఎక్కి వెళ్ళిపోయింది.

ఇది నేను ఏదో చమత్కారానికి చెప్పడం లేదు. ఒక శాస్త్రం మాట పాలసీలోకి, పాలసీలోంచి వీధిలోకి దిగేటప్పుడు దానికి ఏమవుతుంది అన్నదే ఈ వ్యాసం. పర్యావరణ శాస్త్రానికీ ప్రభుత్వ విధానానికీ మధ్య నిలబడి రాసే యూనివర్సిటీ పరిశోధకుల రాతల్ని, అంటే నివేదికలు, జాబితాలు, పటాలు, అఫిడవిట్లను, మనం సాహిత్య పత్రికల్లో ఎప్పుడూ చర్చించం. అవి సాహిత్యం కాదు కాబట్టి. కానీ 2025 వసంతంలో మా కిటికీ ఎదుట ఉన్న 400 ఎకరాల భవిష్యత్తు ఆ రాతల మీదే నిలబడింది. ఏ కవితకీ కథకీ లేనంత బరువు వాటి మీద పడింది. అందుకే వాటిని రాతలుగా చదివి చూద్దామనుకున్నాను.

*

సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పుట్టింది. మొదట ఆబిడ్స్‌లో, సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తర్వాత గచ్చిబౌలిలో ప్రభుత్వం కేటాయించిన సుమారు 2,300 ఎకరాలకి వచ్చింది. అందులోంచి కంచ గచ్చిబౌలి సర్వే నంబరు 25లో 400 ఎకరాలని 2003లో అప్పటి ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకి కేటాయించింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టు వ్యవహారం 2024 దాకా సాగి, భూమి ప్రభుత్వానిదేనని తేలింది. 2025 మార్చి 30న, ఉగాది రోజున, బుల్డోజర్లు వచ్చాయి. విద్యార్థులు అడ్డం వెళ్ళారు, అరెస్టులు జరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పని ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాలు చదునయ్యాయి.

ఆ వారంలోనే తెలిసిన ఒక రీసెర్చి స్కాలరు నాకు ఫోన్ చేసింది. "అక్కా, అక్కడి జీవజాతుల మీద మా వాళ్ళు నాలుగు పేజీలు రాశారు. తెలుగులో కరపత్రం వెయ్యాలి. నువ్వు రాస్తావు కదా, రాత్రికి చేసివ్వవా?" అంది. చేసిస్తానన్నాను. నేను ఐటీ ఉద్యోగిని. నాకు జీతమిచ్చే అద్దాల మేడ ఇలాంటి రాళ్ళ నేల మీదే లేచింది. ఆ రాత్రి అనువాదానికి కూర్చోవడంలో ఆ మొహమాటం కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి.

మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. "స్క్రబ్ ఫారెస్ట్" అని ఉంది. 'పొదల అడవి' అని రాశాను. బాగాలేదు. 'తుప్పల అడవి' అని మార్చాను. తుప్పలంటే కొట్టెయ్యాల్సినవే అన్నట్టుంది. 'చిట్టడవి' అంటే చిన్నప్పటి జానపద కథ గుర్తొచ్చింది. 'ముళ్ళ అడవి' అంటే ఎవరూ కాపాడరు. నిద్రపట్టక, పొద్దున్నే ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే పెద్దాయన్ని అడిగాను. ఆయనది ఈ పక్క ఊరే.

"అన్నా, ఆ యూనివర్సిటీ వెనక రాళ్ళు, ముళ్ళచెట్లు ఉన్న జాగా ఉంది కదా, దాన్ని మీ ఊళ్ళో ఏమంటారు?"

"గదా మేడమ్? గది కంచ."

"కంచ అన్నది ఊరి పేరు కదా. అట్లాంటి అడవిని ఏమంటారు అని."

"అడివి కాదు మేడమ్, కంచ. మా నాయిన ఆడనే గొర్లు మేపిండు. కంచని కంచ అనకపోతే ఏమంటరు?"

నేను తెలుగు మాట కోసం రాత్రంతా వెతికింది తెలుగులోనే ఉన్న ఊరి పేరుకి! కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ అని రోజూ బోర్డుల మీద చదువుతూ అది పేరు అనుకున్నానే గానీ మాట అనుకోలేదు. బయోడైవర్సిటీ కూడలికి జరిగిందే దీనికీ జరిగింది. అర్థం ఆరిపోయి చిరునామా మిగిలింది.

*

ఇక్కణ్ణుంచి అసలు విషయంలోకి వస్తాను. ఈ గొడవంతా ఒక మాట చుట్టూ తిరిగింది. అది 'అడవి'.

1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఒక విచిత్రమైన పని చేసింది. అడవి అంటే ఏమిటో చెప్పడానికి మనల్ని నిఘంటువు దగ్గరికి పంపింది. భూమి ఎవరిదైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయితే అడవే. రికార్డులో అడవి అని ఉన్నదీ అడవే. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి ఈ అర్థాన్ని కుదించబోతే, 2024 ఫిబ్రవరిలో కోర్టు మళ్ళీ నిఘంటువునే పట్టుకోమంది. అలాంటి భూముల్ని గుర్తించడానికి రాష్ట్రాలు నిపుణుల కమిటీలు వెయ్యాలంది. మన దగ్గర ఆ కమిటీ 2025 మార్చి మధ్యలో ఏర్పడింది. అది పని మొదలెట్టకుండానే యంత్రాలు మొదలెట్టాయి. ఏప్రిల్ 3న కోర్టు అడిగిన ప్రశ్నల్లో ఈ తొందర ఎందుకన్నది ఒకటి.

ప్రభుత్వం వాదన కూడా మాట మీదే నిలబడింది. రెవెన్యూ రికార్డులో ఇది అడవి కాదు, 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అంది. ఆ నాలుగు మాటల్నీ ఒక్కసారి చదవండి. కంచ మన మాట. అస్తబల్ అంటే గుర్రాల సాల, ఉర్దూలోంచి వచ్చింది. పోరంబోకు తమిళ దేశం నుంచి బ్రిటిష్ రెవెన్యూ కాగితాల మీద ఎక్కి వచ్చింది. సర్కారీ ఫారసీ. నాలుగు రాజ్యాల ముద్రలు ఒక్క వరసలో ఉన్నాయి. చిన్న కావ్యంలా ఉందనిపించింది నాకు. మేసే జంతువులకి వదిలిన నేల, పన్ను లేని నేల, ఎవరి సొంతమూ కాని నేల అని చెప్తోంది అది. ప్రభుత్వం దీన్ని 'అడవి కాదు' అనడానికి సాక్ష్యంగా చూపింది. పర్యావరణం వైపు మాట్లాడినవాళ్ళు దాన్ని పట్టించుకోకుండా 'అడవే' అన్నారు. రికార్డులో రాసి ఉన్న మాటని, అది ఇచ్చిన అర్థంలో, రెండు పక్షాల వాళ్ళూ చదవలేదు.

ఎందుకు చదవలేదంటే, ఈ దేశంలో చట్టం దగ్గర అడవికి విలువ ఉంది, కంచకి లేదు. ఆ విలువ లేకపోవడాన్ని తయారుచేసినవాళ్ళలో శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. ఇదే హైదరాబాదులో, బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో, కేంద్ర ప్రభుత్వం 2000 నుంచి 'వేస్ట్‌లాండ్స్ అట్లాస్' వేస్తూ వస్తోంది. బంజరు భూముల పటాల పుస్తకం. 23 రకాల బంజర్లు. దట్టమైన పొదలున్న నేల ఒక రకం, పలచని పొదలున్న నేల ఇంకో రకం, రాతినేల మరొకటి. ఈ 400 ఎకరాలకి అట్లాస్ ఏ రంగు వేసిందన్నది కాదు నా ప్రశ్న. దక్కన్ పీఠభూమి అసలు మొహమే రాయి, పొద, గడ్డి. ఆ మొహానికే 'వ్యర్థం' అని పేరు పెట్టాక, ఏ ముక్కని కాపాడాలన్నా ముందు అది తన జాతిని దాచుకుని 'అడవి'గా వేషం వెయ్యాల్సి వస్తుంది.

దీన్ని పట్టుకున్న పరిశోధకులూ ఉన్నారు. ఎం.డి. మధుసూదన్, అబి తమిమ్ వనక్ అనే ఇద్దరు పర్యావరణ శాస్త్రజ్ఞులు దేశంలోని ఇలాంటి బయలు నేలలకి ఒక పటం గీశారు. గడ్డిమైదానాలు, సవన్నాలు, పొదల నేలలు, రాతిగుట్టలు కలిపి దేశ విస్తీర్ణంలో సుమారు 10 శాతమని, అందులో రక్షిత ప్రాంతాల కింద ఉన్నది 5 శాతం కూడా లేదని లెక్క తేల్చారు. వాళ్ళు వాటికి పెట్టిన పేరుని తెలుగులో 'బయలు సహజ జీవావరణాలు' అనొచ్చు. మంచి సైన్సు, మంచి పటం. పేరు మాత్రం ఎవరి నోటా పలకదు. మన దగ్గర అప్పటికే పలికే మాట ఉంది: కంచ. బీడు, గుట్ట, చెలక, కుంట, వీటిలో ప్రతి ఒక్కటీ ఒక వర్గీకరణే. నేల ఎలా ఉంటుందో, దానితో ఎవరికేం పనో, రెండూ కలిపి చెప్పే వర్గీకరణ. శాస్త్రం మొదటి సగం చూసింది. రెవెన్యూ శాఖ రెండో సగం చూసింది.

*

ఇప్పుడు ఆ నాలుగు పేజీల గురించి. వాటిలో ఎక్కువ భాగం జాబితా.

జాబితాని తక్కువగా చూడకూడదు. ఎవరో తెల్లవారుజామున లేచి, బఫెలో లేక్ గట్టు మీద నిలబడి, ఒక పిట్టని చూసి, పేరు, తేదీ, చోటు రాసుకుంటారు. మళ్ళీ వారం వెళ్తారు. యూనివర్సిటీ విద్యార్థుల ప్రకృతి క్లబ్బులు, చుట్టుపక్కల పక్షి ప్రేమికులు ఏళ్ళ తరబడి ఇలా కూడబెట్టిన లెక్కలో రెండు వందలకు పైగా పక్షి జాతులు ఉన్నాయి. చుక్కల దుప్పులు, నక్షత్ర తాబేళ్ళు, ఉడుములు, నెమళ్ళు ఉన్నాయి. 2010లో శాస్త్రలోకానికి కొత్తగా పరిచయమై, పేరులోనే హైదరాబాదుని మోసే ఒక సాలీడు, మురీషియా హైదరాబాదెన్సిస్, ఆ రోజుల్లో చాలా పోస్టర్ల మీదికి ఎక్కింది. ఈ జాబితాల్లో విశేషణాలు ఉండవు. 'అందమైన', 'అరుదైన', 'అమాయకమైన' అన్న మాటలు ఉండవు. చూసింది రాస్తారు, చూడనిది రాయరు. మన కవులు నేర్చుకోవాల్సిన నిగ్రహం అది.

అటువైపు అంకెలతో పోలిస్తే ఈ గుణం ఇంకా తెలుస్తుంది. ఆ భూమిని అభివృద్ధి చేస్తే 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం వైపు నుంచి చెప్పారు. ఆశ చెప్పే అంకెలు ఎప్పుడూ ఇలా గుండ్రంగా ఉంటాయి. లెక్కపెట్టి చెప్పిన అంకెలు గుండ్రంగా రావు. నేను రోజూ అంకెలతో పనిచేసే మనిషిని. గుండ్రటి అంకె కనిపిస్తే ఎవరు లెక్కపెట్టారు అని అడగడం మా వృత్తిలో మొదటి పాఠం. ఉద్యోగాలు వద్దని కాదు, నేను ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. రెండు రకాల వాక్యాల్ని ఒకే త్రాసులో వెయ్యకూడదని మాత్రం అంటున్నాను.

అయితే ఆ జాబితాలో నాకు మూడు లోపాలు కనిపించాయి.

ఒకటి, మనుషులు లేరు. నాలుగు పేజీల్లో గొర్రెల కాపరి లేడు, కట్టెలకి వెళ్ళిన ఆడవాళ్ళు లేరు, సీతాఫలాలు ఏరి రోడ్డు పక్కన అమ్మినవాళ్ళు లేరు. కంచ అన్న పేరే మేత నుంచి వచ్చినప్పుడు, ఆ నేల అలా ఉండటంలో మేసిన నోళ్ళకీ, మేపిన చేతులకీ భాగం ఉంటుంది కదా! చివర్లో సిఫార్సుల దగ్గరికి వచ్చేసరికి ఈ లోపం పెద్దదవుతుంది. జాతీయ పార్కుగా ప్రకటించాలి అన్న డిమాండు ఆ రోజుల్లో గట్టిగానే వినిపించింది. జూబ్లీహిల్స్‌లో కె.బి.ఆర్. పార్కు మనకి ఉంది, దాదాపు ఇంతే విస్తీర్ణం. అది బతికి ఉన్నందుకు సంతోషమే. కానీ దాని చుట్టూ కంచె ఉంది, లోపలికి నడకకి వెళ్ళడానికి టికెట్టు ఉంది. కంచకి కంచె వేస్తే కాపాడినట్టా, ఇంకో రకంగా తీసుకున్నట్టా అన్న ప్రశ్న ఆ రాతలో ఎక్కడా లేదు.

రెండు, క్రియలు. పరిశీలన భాగంలో వాక్యాలు జాగ్రత్తగా నడుస్తాయి. 'కనిపించింది', 'ఉండవచ్చు', 'సూచిస్తోంది'. సిఫార్సుల్లోకి రాగానే 'చేయాలి', 'నిషేధించాలి'. ఉండవచ్చు నుంచి చేయాలి దాకా ఎలా వచ్చారో చెప్పే మెట్టు ఉండదు. శాస్త్రానికీ విధానానికీ మధ్య పనిచేసేవాళ్ళ అసలు పని ఆ మెట్టు కట్టడమే.

మూడు, కాలం. ఏళ్ళుగా పోగైన జ్ఞానం ప్రమాదం వచ్చాక ఒక్క వారంలో నివేదికైంది. అందుకే దాని గొంతులో రొప్పు వినిపిస్తుంది. ఈ తొందరలోకే ఇంకోటి దూరింది. పారిపోతున్న జింకలు, ఏడుస్తున్న నెమళ్ళు అంటూ కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు ఫోన్ల నిండా తిరిగాయి. ప్రభుత్వానికి అంతకన్నా సుళువు దొరకదు. నిజమైన జాబితాకి జవాబు చెప్పాల్సిన పని తప్పి, అబద్ధపు బొమ్మకి జవాబు చెప్తే సరిపోయింది. లేని జింకని గీసినవాళ్ళు ఉన్న తాబేలుకి చేసిన అన్యాయం చిన్నది కాదు.

*

ఆ మెట్టు ఎలా కట్టొచ్చో చూపే రాత మనకి ఒకటి ఉంది. అదీ ఈ ఊరి దగ్గర పుట్టిందే.

1908 మూసీ వరద తర్వాత కట్టుకున్న చెరువులు మనకి రెండు: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వాటిని కాపాడటానికి నిపుణుల కమిటీ సిఫార్సుల మీద 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల లోపల, 84 ఊళ్ళలో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు కుదరవంది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక ఆముదపు ఉత్పత్తుల ఫ్యాక్టరీకి ప్రభుత్వం 1997లో మినహాయింపు ఇచ్చింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ కేసు పేరులోనే ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు: ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు. కంపెనీ వైపు కూడా ఒక శాస్త్రవేత్త అఫిడవిట్ ఉంది. శాస్త్రం రెండు పక్కలా నిలబడింది.

1999లో, మళ్ళీ 2000 డిసెంబరులో ఈ కేసులో తీర్పు రాసినది జస్టిస్ ఎం. జగన్నాధరావు. ఆ తీర్పుని సాహిత్య విద్యార్థులు చదవాలని నా కోరిక. అందులో ఆయన శాస్త్రానికి తెలియనితనం ఉంటుందని దాచకుండా ఒప్పుకుంటారు. శాస్త్రం ఇవాళ ఇలా, రేపు అలా చెప్పొచ్చు. అలాంటప్పుడు నిర్ణయం ఎలా తీసుకోవాలి? ముందు జాగ్రత్త సూత్రం ఆ మెట్టు. తెలియకపోవడం వల్ల కలిగే ప్రమాదాన్ని మార్పు తెచ్చేవాడే మొయ్యాలి, నిరూపించే భారం అతనిదే. అంటే 'ఉండవచ్చు' అన్న క్రియని చెరిపెయ్యకుండానే 'వద్దు' అనే దాకా ఎలా రావాలో ఒక వ్యాకరణం ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. నిపుణుల సంస్థలకి పంపించారు, భూగర్భజలాల సంగతి హైదరాబాదు ఎన్.జి.ఆర్.ఐ. అధ్యయనం చేసింది, ఆ తర్వాతే మినహాయింపు చెల్లదన్నారు. సైన్సు తెలిసినవాళ్ళు లేని అప్పీలు సంస్థలు సైన్సు వివాదాలు ఎలా తేలుస్తాయని కూడా అడిగారు. ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. 2003లో ఆయనే అధ్యక్షుడిగా లా కమిషన్ 186వ నివేదిక పర్యావరణ కోర్టుల్ని ప్రతిపాదించింది. శాస్త్ర నిపుణులూ సభ్యులుగా కూర్చునే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010లో వచ్చింది. ఇవాళ దేశంలో ఏ మూల చెరువు కోసం ఎవరు ఆ ట్రిబ్యునల్ మెట్లెక్కినా, ఆ దారిలో ఒక మలుపు పెద్దషాపూర్‌లో ఉంది.

జీవో కథ వేరు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి జీవో 111 ఆంక్షల్ని ఎత్తేసింది. నగరం ఇప్పుడు ఆ నీళ్ళ మీద అంతగా ఆధారపడటం లేదన్నది కారణం. ఒక అంకె పోయి ఇంకో అంకె వచ్చింది. ఆజ్ఞగా మాత్రమే రాసిన రాత ఇంకో ఆజ్ఞతో పోతుంది. కారణంతో సహా రాసినది పోగొట్టాలంటే ఆ కారణానికి జవాబు చెప్పాలి. పరిశోధకులు తమ నివేదికల్ని జీవో నమూనాలో రాస్తున్నారా, తీర్పు నమూనాలో రాస్తున్నారా అన్నది నా విమర్శలో ముఖ్యమైన ముక్క.

*

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ముగింపుకి వస్తాను. పడమటి కనుమల మీద మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. కేంద్రం దాన్ని దాచిపెట్టింది. సమాచార హక్కు కింద కొట్లాడితే 2012 మేలో బయటికి వచ్చింది. దాన్ని స్థానిక భాషల్లోకి మార్చి గ్రామసభల ముందు పెట్టండి, వాళ్ళు చదివి చెప్పాలి అన్నది గాడ్గిల్ పట్టుదల. ఆ తర్వాత 2013లో కస్తూరిరంగన్ బృందం ఉపగ్రహ చిత్రాల మీద ఎక్కువగా ఆధారపడి, కనుమల్లో 37 శాతాన్ని సున్నిత ప్రాంతంగా గీసింది. ఒక నివేదిక కింద నుంచి, ఒకటి పై నుంచి. రెండింటి మీదా గొడవలయ్యాయి. మొదటిదాన్ని కేరళలో చదవకుండానే తిట్టినవాళ్ళు ఎక్కువ. మనవాళ్ళ భాషలో సమయానికి అందని నివేదిక గురించి మనవాళ్ళకి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తారు. ఆ ఖాళీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

మరి తెలుగు సాహిత్యం ఏం చేసింది? ఆ ఏప్రిల్‌లో కవితలు చాలా వచ్చాయి. నేను చదివినవాటిలో చాలావరకు నెమలి, జింక, బుల్డోజరు. ఎవరి ఆవేదననీ తక్కువ చెయ్యను, నాకూ గొంతు పట్టింది. కానీ ఆ కవితల్ని గచ్చిబౌలి నుంచి తీసి నల్లమలలో పెట్టినా తేడా రాదు. కంచ వాటిలో లేదు. పరిశోధకుడి జాబితాలో మనిషి లేడు, కవి పద్యంలో నేల లేదు. వాళ్ళకి మన మాటలు కావాలి, మనకి వాళ్ళ చూపు కావాలి. ఒకరి రాతని ఒకరు చదవకపోతే ఇద్దరి రాతా సగమే.

నా కరపత్రం సంగతి చెప్పలేదు కదూ. మర్నాటి రాత్రికి పూర్తయింది. 'స్క్రబ్ ఫారెస్ట్' ఉన్న ప్రతిచోటా 'కంచ' అని పెట్టాను. స్కాలరు మొదట ఒప్పుకోలేదు. "కోర్టులో అడవి అని వాదిస్తున్నాం అక్కా, మనమే కంచ అంటే వాళ్ళకి అందించినట్టు కదా" అంది. ఆ భయం సహేతుకమే. నా దగ్గర జవాబు లేదు. చివరికి 'కంచ అడవి' అని రాజీ పడ్డాం. ఇప్పటికీ ఆ జంట మాట నాకు కరెక్టుగా అనిపించదు, అలాగని అంతకన్నా మంచిదీ దొరకలేదు.

ఒక కాపీ గేటు దగ్గర పెద్దాయనకి ఇచ్చాను. ఆయన కుర్చీలో కూర్చుని, వేలు పెట్టి, రెండు వైపులా నిదానంగా చదివారు. సాయంత్రం నేను వెళ్తుంటే పిలిచారు.

"మంచిగ రాసిన్రు మేడమ్. గని పరికి పండ్లు రాయలే. కంచల ముందు ఉండేదే పరికి."

నేను ఆఫీసులోకి వెనక్కి వెళ్ళి ఇంగ్లీషు కాగితం తీసి చూశాను. మూడో పేజీలో పదిహేడో పేరు. జిజిఫస్ ఈనోప్లియా. తెలుగు పేరు తెలియక ఆ లాటిన్ పేరునే తెలుగు లిపిలో దించేశాను. పరికి అక్కడే ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ చెట్టు కింద తిరిగిన మనిషి దాన్ని రెండుసార్లు చదివి కూడా గుర్తుపట్టలేకపోయాడు. అది ఆయన తప్పు కాదు.

రెండో ముద్రణలో మార్చాం.